కల్పిత లోకాలు చదివేటప్పుడు మన స్పందనను రాసిపెట్టుకునే పద్ధతి

సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ నవలలు విరివిగా చదివేవారికి ఒక అనుభవం బాగా పరిచయమై ఉంటుంది. ఆరువందల పేజీల నవల ముగించి మూడు నెలలు గడిచాక అందులోని గ్రహాల పేర్లు, రాజవంశాల వైరాలు, మంత్రఖడ్గం చివరికి ఎవరికి దక్కిందన్న సంగతి ఎంతో కొంత గుర్తుంటాయి గాని, చదువుతున్నంతసేపూ తమ మనసులో ఏం జరిగిందన్నది మాత్రం చెరిగిపోతుంది. కథ మరిచిపోతే మళ్లీ తెలుసుకోవచ్చు. ఒక పేజీ దగ్గర మనకు ఊపిరి ఎందుకు బిగిసిందో, ఒక అధ్యాయం నడుమ పుస్తకం మూసి కిటికీ వైపు ఎందుకు చూస్తూ కూర్చున్నామో మనం రాసి పెట్టుకోకపోతే ఇక ఎవరూ మనకు చెప్పలేరు. చెన్నైలో, వేళచ్చేరిలో స్థిరపడిన నాటి నుంచి నేను పాటిస్తూ, తప్పులు దిద్దుకుంటూ వచ్చిన పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. సమీక్షలు రాయదలచినవారికీ ఇది పనికి వస్తుంది గాని, ఎవరికీ చూపించని నోటుపుస్తకం కోసమే దీన్ని మొదలుపెట్టమని నా సలహా. ఎదుట మరొకరు ఉన్నారనుకున్న క్షణం నుంచే మనం స్పందనను వదిలేసి అభిప్రాయం రాయడం మొదలుపెడతాం.

ఆ రెండింటి తేడాయే ఈ పద్ధతికంతటికీ మూలం. "రచయిత ఉత్కంఠను చక్కగా పోషించారు" అన్నది అభిప్రాయం. "112వ పేజీ, తలుపు చప్పుడు, ఉలిక్కిపడ్డాను" అన్నది స్పందన. మొదటిది తీర్పు, రెండవది సాక్ష్యం. సాక్ష్యం దగ్గరుంటే తీర్పు ఎప్పుడైనా చెప్పవచ్చు, తర్వాత మార్చుకోనూవచ్చు. తీర్పు ఒక్కటే మిగిలితే అది సరైనదో కాదో మనకు మనమే తేల్చుకోలేము.

క్యాలెండర్ కాగితం

దీనికి కావలసిన సరంజామా చాలా తక్కువ. ఒక పెన్సిలు, ఒక రూళ్ల నోటుపుస్తకం, రోజూ చించే గోడ క్యాలెండర్ కాగితాలు ఉంటే చాలు. చెన్నైలో ఇళ్లలోనూ కొట్లలోనూ రోజుకొక కాగితం చించే క్యాలెండర్ వేలాడుతూనే ఉంటుంది. ముందువైపు పెద్ద అంకె, దాని కింద రాహుకాలం, యమగండం అచ్చై ఉంటాయి. మా ఇంటి క్యాలెండర్‌లో వెనుకవైపు ఖాళీ. ఉదయం చించిన కాగితాన్ని నిలువుగా మడిచి, ఆ రోజు చదివే పుస్తకంలో గుర్తుగా పెట్టుకుంటాను. తేదీ దాని మీదే ఉంటుంది కనుక మళ్లీ వేయనక్కరలేదు. అరచేతిలో ఇమిడే కాగితం కావడం వల్ల వ్యాఖ్యానం రాయాలనుకున్నా చోటు చాలదు, పేజీ సంఖ్యతో పాటు నాలుగైదు మాటలు మాత్రమే పడతాయి. కన్నెమరా గ్రంథాలయం వంటి చోటి నుంచి తెచ్చుకున్న పుస్తకంలో పెన్సిలు గీత కూడా పెట్టకూడదు కాబట్టి ఆ విధంగా కూడా ఈ కాగితమే మేలు.

ఫోన్‌లో రాసుకోవచ్చు కదా అని నన్ను అడిగినవారు ఉన్నారు. నేను ప్రయత్నించి మానుకున్నాను. స్పందన కలిగిన క్షణంలో ఫోన్ చేతిలోకి తీసుకుంటే అక్కడ వేచి ఉన్న సందేశాలు ముందు కనిపిస్తాయి, తిరిగి పుస్తకంలోకి వచ్చేసరికి ఆ క్షణం చల్లారిపోతుంది. ఈ-బుక్ చదివేవారు వాక్యానికి రంగు పూసి వదిలేస్తుంటారు. ఆ రంగు మనం ఎక్కడ ఆగామో చెబుతుంది గాని ఎందుకు ఆగామో చెప్పదు. పరికరంలో చదివినా పక్కన కాగితం ఉంచుకుని, పేజీ సంఖ్య బదులు అధ్యాయం సంఖ్య వేసుకోండి.

ఏమి రాయాలన్న ప్రశ్నకు సులువైన జవాబు, శరీరం ఏం చేసిందో రాయమన్నది. అద్భుత రసానికి స్థాయిభావం, అంటే మూలంగా నిలిచే భావం, విస్మయమని చెప్పిన నాట్యశాస్త్రం, ఆ విస్మయానికి గుర్తులుగా కళ్లు విప్పారడం, రెప్ప వేయకుండా చూడటం, రోమాంచం, కన్నీరు, చెమట వంటివాటిని చెప్పింది. మనసు ఏమనుకుంటోందో గుర్తించడం కష్టం, అందులో మనల్ని మనం మోసపుచ్చుకునే అవకాశమూ ఎక్కువ. ముంజేతి వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయా లేదా అన్నది మాత్రం అబద్ధమాడదు. ఆవలించినా రాయండి. ఒక పేరా రెండుసార్లు చదివితే అదీ రాయండి. మిగిలిన పేజీలు ఎన్నో లెక్కపెట్టారంటే అంతకంటే నిజాయితీ గల స్పందన మరొకటి ఉండదు.

ఇంగ్లీషులో చదివినా తెలుగులో రాసుకోవడం

ఇక్కడ తెలుగు పాఠకులమైన మనలో చాలామంది ఈ నవలలను ఇంగ్లీషులోనే చదువుతున్నాం. చదివిన భాషలోనే స్పందన రాసుకోబోతే, ఆ భాషలో సమీక్షకులు అరగదీసిన మాటలు కలం కొసకు వాటంతటవే వచ్చేస్తాయి. లోకనిర్మాణం బాగుందని, నడక మందగించిందని రాసేసి, అదే మన అనుభవమని నమ్ముతాం. తెలుగులో ఈ నవలల గురించి అలాంటి తయారు మాటలు ఇంకా పెద్దగా ఏర్పడలేదు. అందువల్ల మనం నిజంగా మన మనసును తడుముకోవలసి వస్తుంది, తడుముకుంటే దొరికే మాటలు ఎంత సూక్ష్మమైనవో కూడా తెలుస్తుంది. విస్తుపోవడం వేరు, అబ్బురపడటం వేరు. ఒళ్లు జలదరించడంలో భయం ఉంటుంది, ఒళ్లు పులకరించడంలో ఉండదు. ఒక పాత్ర చనిపోతే గుండె కలుక్కుమన్నదా, మనసు చివుక్కుమన్నదా, ప్రాణం ఉసూరుమన్నదా అని ఆగి ఆలోచిస్తే, ఆ మూడింటిలో ఒకటే సరిపోతుందని మీకే తెలుస్తుంది.

తెలుగు వ్యాకరణం కూడా మన స్పందనను బయటపెడుతుంది. దీనికి ఉర్సులా కె. లె గ్విన్ 1969లో ప్రచురించిన "ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్" చదివినప్పటి నా కాగితాలే ఉదాహరణ. అందులోని గెథెన్ గ్రహవాసులకు స్థిరమైన స్త్రీపురుష భేదం ఉండదు. నెలలో కొన్ని రోజులు మాత్రమే వారు స్త్రీగానో పురుషునిగానో మారతారు. వారిని గురించి ఇంగ్లీషు మూలం పురుష సర్వనామమే వాడుతుంది, ఆ ఎంపికను రచయిత్రి తర్వాతి కాలంలో స్వయంగా పునరాలోచించారు కూడా. ఇంగ్లీషులో చదువుతున్నప్పుడు నాకు ఇది పెద్దగా అడ్డు తగలలేదు. కాగితం మీద ఎస్ట్రావెన్ అనే పాత్ర గురించి రాయబోతే మాత్రం క్రియ దగ్గర పెన్సిలు ఆగిపోయింది. "వచ్చాడు" అనాలా, "వచ్చింది" అనాలా, "వచ్చారు" అనాలా? "వచ్చింది" అంటే స్త్రీకీ చెల్లుతుంది, వస్తువుకూ పశువుకూ కూడా చెల్లుతుంది. "వచ్చారు" అంటే లింగం చెప్పనక్కరలేదు గాని గౌరవం వచ్చి చేరుతుంది. తర్వాత కాగితాలన్నీ వరుసలో పెట్టి చూసుకుంటే, మొదట్లో నేను "చెప్పాడు", "దాచాడు" అని రాశాను. ఆ పాత్ర మీద నాకు అప్పుడు అనుమానం. మంచు మైదానం మీద ఎస్ట్రావెన్, భూమి నుంచి వచ్చిన దూత ఇద్దరూ బండి లాక్కుంటూ సాగే ప్రయాణం మొదలయ్యాక, నాకు తెలియకుండానే "లాగారు", "నవ్వారు" అని రాయడం మొదలుపెట్టాను. ఆ పాత్ర మీద గౌరవం ఏ పేజీలో పుట్టిందో నేను ఎక్కడా చెప్పుకోలేదు, నా క్రియాపదాలు చెప్పాయి. కృత్రిమ మేధస్సు, గ్రహాంతరవాసులు, మాట్లాడే డ్రాగన్లు వచ్చే ఏ నవలకైనా ఈ పరీక్ష పనిచేస్తుంది. "అది" ఎప్పుడు "అతను"గానో "ఆమె"గానో మారిందో గుర్తుపెట్టుకోండి.

తెలియనితనానికీ ఒక గుర్తు

సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రెండు రకాల నవలల్లోనూ మొదటి యాభై పేజీలు అయోమయంగా ఉండటం సహజం. ఊరు పేర్లు తెలియవు, బిరుదులు తెలియవు, ఎవరు ఎవరికి ఎందుకు నమస్కరిస్తున్నారో తెలియదు. చాలామంది ఇక్కడే వెనుక పేజీల్లోని పదకోశాన్ని ఆశ్రయిస్తారు. నేను వద్దంటాను. అర్థం తెలియని మాట ఎదురైతే కాగితం మీద ఆ మాట రాసి, పక్కన మీ ఊహ రాయండి. అర్థం తెలిసిన పేజీకి వచ్చాక ఆ పేజీ సంఖ్య చేర్చండి. ఆ రెండు పేజీల నడుమ మీరు గడిపిన సమయంలోనే ఈ సాహిత్యం ఇచ్చే ఆనందంలో పెద్ద భాగం ఉంది. పదకోశం చూస్తే ఆ భాగాన్ని మన చేతులతో మనమే కత్తిరించుకున్నట్టు అవుతుంది.

1965లో పుస్తకంగా వచ్చిన ఫ్రాంక్ హెర్బర్ట్ నవల "డ్యూన్" చివర పదకోశమూ అనుబంధాలూ ఉన్నాయి. అందులో నీరు అత్యంత అరుదైన ఎడారి గ్రహం మీది ఫ్రెమెన్ తెగ నాయకుడు ఒకరు, సామంతరాజు కొలువులో బల్ల మీద ఉమ్ముతాడు. కొలువులోని వారు ఆగ్రహంతో కదులుతుంటే, ఆ తెగ ఆచారం తెలిసిన ఒక యోధుడు అది తన ఒంటి తేమను కానుకగా ఇచ్చి గౌరవించడమని వివరించి, తానూ ఉమ్ముతాడు. మన ఇళ్లలో ఒకరి ఎదుట ఉమ్మితే ఆ అవమానం తరాలు గుర్తుంటుంది. నా కాగితం మీద "ఛీ" అని ఒక మాట, దాని కింద నాలుగు వరుసల తర్వాత "అబ్బా, నీళ్లు!" అని మరో మాట ఉన్నాయి. ఆ "ఛీ" నుంచి "అబ్బా"కు మళ్లడం పది వాక్యాల్లో జరిగిపోయింది. పదకోశం ముందే చదివి ఉంటే ఈ మలుపు నాకు దక్కేది కాదు. ఒక కల్పిత లోకం మన విలువలను తలకిందులు చేసే చోటు ఇలాంటి చిన్న ఘటనల్లోనే దొరుకుతుంది, యుద్ధ ఘట్టాల్లో దొరకడం అరుదు.

పుస్తకానిది ఎంత, మనది ఎంత

ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే కష్టమైనదీ, అన్నిటికంటే విలువైనదీ ఈ భాగమే.

సుమారు వెయ్యేళ్ల కిందట అభినవగుప్తుడు నాట్యశాస్త్రానికి రాసిన అభినవభారతి వ్యాఖ్యలో, రసాస్వాదనకు అడ్డుపడే విఘ్నాలను ఏడుగా లెక్కపెట్టాడు. వాటిలో ఒకటి నిజసుఖాది వివశీభావం. తన సొంత సుఖదుఃఖాలలో మునిగి ఉన్న ప్రేక్షకుడు నాటకంలో లీనం కాలేడని దాని సారం. నవల చదివేవారికీ ఇది అక్షరాలా వర్తిస్తుంది. జీతం ఆలస్యమైన వారంలో చదివిన హాస్య ఫాంటసీ చప్పగా ఉందని రాసుకుంటే ఆ లోపం ఎవరిదో తేలదు. అందుకే క్యాలెండర్ కాగితం పై అంచున ఆ రోజు మన స్థితిని ఒకే ముక్కలో రాయాలి: నిద్ర లేదు, అమ్మ ఆసుపత్రి నుంచి వచ్చింది, కరెంటు పోయింది, ఇలాగ.

నాకు ఈ అలవాటు 2019 వేసవి నేర్పింది. చెన్నైకి తాగునీరిచ్చే పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం జలాశయాలు ఆ ఏడు దాదాపు ఎండిపోయాయి. జూలై 12న జోలార్‌పేట నుంచి విల్లివాక్కానికి 25 లక్షల లీటర్లతో నీళ్ల రైలు వచ్చేంతవరకు పరిస్థితి వెళ్లింది. మా వీధిలోకి నీళ్ల లారీ ఏ వేళకు వస్తుందో తెలియదు. బిందెలు వరుసలో పెట్టి, మెట్ల మీద కూర్చుని, వీధి దీపం వెలుగులో నేను "డ్యూన్" చదువుతున్నాను. కథానాయకుడు పాల్ తన చేతిలో చనిపోయిన జామిస్ అనే మనిషి అంత్యక్రియల్లో కన్నీరు పెట్టే ఘట్టం వచ్చింది. చనిపోయినవాడికి తన ఒంటి నీటిని ఇస్తున్నాడని చుట్టూ ఉన్న ఫ్రెమెన్లు నివ్వెరపోతారు. వరుసలో మొత్తం ఇరవై మూడు బిందెలు ఉన్నాయి, నాది పద్దెనిమిదవది. ఆ రాత్రి కాగితం మీద నేను రాసింది ఇది: "ఏడుస్తున్నాడు. ఎన్ని చుక్కలో. ఒళ్లు ఝల్లుమంది." నోటుపుస్తకంలో ఆ వారమే, ఇంత గొప్ప నవల మరొకటి చదవలేదని కూడా రాశాను.

వానలు పడ్డాక ఆ కాగితం మళ్లీ చూసుకుంటే రెండు సంగతులు కనిపించాయి. ఆ విస్మయంలో కొంత నవలది, కొంత మా వీధిది. ఇంతవరకు అభినవగుప్తుడు చెప్పినట్టే ఉంది. అయితే నా అవస్థ నాకు కేవలం విఘ్నమే అయిందని నేను అనుకోవడం లేదు, ఈ ఒక్క చోట ఆ మహానుభావునితో వినయంగా విభేదిస్తాను. బిందెల వరుసలో కూర్చున్నందువల్లే ఆ కన్నీటి ఖరీదు నాకు ఒంటికి తగిలినట్టు తెలిసింది. అదే సమయంలో, నీటి లెక్కలో పడి చనిపోయిన మనిషిని నేను పూర్తిగా మరిచిపోయాను. నా కాగితం మీద జామిస్ పేరే లేదు. సొంత స్థితి ఒక తలుపు తెరిచి ఇంకొక తలుపు మూస్తుంది. స్థితిని రాసిపెట్టుకుంటేనే మూసుకున్న తలుపు ఏదో తర్వాతైనా వెతకగలం.

నమ్మలేకపోయిన చోటు

అభినవగుప్తుడు విఘ్నాలలో మొదటిదిగా చెప్పింది సంభావనావిరహం, అంటే చూస్తున్నది జరగగలదని తోచకపోవడం. డ్రాగన్ నిప్పులు కక్కితే కళ్లప్పగించి చదివే పాఠకుడే, గుర్రం మూడు రోజులు ఆగకుండా పరుగెత్తిందంటే విసుక్కుంటాడు. డ్రాగన్‌కు నవల అనుమతి తీసుకుంది, గుర్రానికి తీసుకోలేదు. కాబట్టి నమ్మకం సడలిన చోట "నమ్మలేను" అని రాసి వదిలేయకుండా, ఏ నియమం తప్పిందో ఒక్క మాట చేర్చాలి. అది నవల తానే పెట్టుకున్న నియమమైతే లోపం నవలది. మన లోకపు నియమమైతే, నవల దాన్ని కావాలనే పక్కన పెట్టిందా, తెలియక తప్పిందా అన్నది చూడాలి. కుజగ్రహం మీది మనిషితో భూమి మీది మనిషి ఎదురెదురుగా కూర్చున్నట్టు మాట్లాడుతుంటే నాకు పుస్తకం చేతిలోంచి జారిపోతుంది, ఎందుకంటే ఒక మాట అక్కడికి చేరడానికే ఆ గ్రహాల దూరాన్ని బట్టి సుమారు 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. అంత ఆలస్యాన్ని కథలో వాడుకున్న రచయిత అయితే, ఆ నిరీక్షణనే ఘట్టంగా మలుస్తారు.

ఈ విషయంలో పాత నవలలకు మనం అన్యాయం చేయకూడదు. మారినర్ 4 నౌక 1965 జూలైలో కుజుని పక్కగా వెళ్లి, గుంతలు పడిన నిర్జీవమైన నేల ఫొటోలు పంపేవరకు, అక్కడ ఏదో ఒక ప్రాణి ఉండవచ్చని ఊహించడం మూర్ఖత్వం కాదు. అంతకు ముందు రాసిన కుజగ్రహ నవలలో, ఒకప్పుడు అక్కడ ఉన్నాయని కొందరు నమ్మిన కాలువలు కనిపిస్తే నేను కాగితం మీద ఏడాది మాత్రం రాసుకుని ముందుకు సాగుతాను.

ఏ ముద్రణ, ఎవరి అనువాదం

నోటుపుస్తకంలో ప్రతి నవలకూ పై వరుసలో ముద్రణ వివరం తప్పనిసరిగా ఉండాలి. లియూ త్సిషిన్ రాసిన "ది త్రీ బాడీ ప్రాబ్లమ్" 2008లో చైనీస్‌లో పుస్తకంగా వచ్చినప్పుడు, సాంస్కృతిక విప్లవ కాలపు ఘట్టాలు కథ నడుమకు జరిపి ఉన్నాయి. కెన్ లియూ చేసిన 2014 నాటి ఇంగ్లీషు అనువాదంలో అవే మొదటికి వచ్చాయి. కన్నకూతురి కళ్ల ముందే భౌతికశాస్త్ర ఆచార్యుణ్ణి కొట్టి చంపే ఘట్టంతో నవలలోకి అడుగుపెట్టిన పాఠకుడూ, సగం రహస్యం తెలుసుకున్నాక ఆ ఘట్టానికి చేరిన పాఠకుడూ ఆ కూతురి మీద ఒకే రకమైన జాలి పడరు. ఇద్దరూ తమ స్పందనలు పోల్చుకుని వాదించుకుంటే, అది పుస్తకం గురించి కాకుండా వరుస గురించి వాదించుకోవడమే అవుతుంది.

"ఫ్రాంకెన్‌స్టయిన్" సంగతి మనకు మరీ ఆసక్తికరం. 1818 నాటి మొదటి ముద్రణలో, కథానాయకుడు విక్టర్ పెళ్లాడే ఎలిజబెత్ అతనికి మేనత్త కూతురు. మేరీ షెల్లీ సవరించిన 1831 ముద్రణలో ఆమె రక్తసంబంధం లేని, చేరదీసిన పిల్ల. మేనరికాలు తెలిసిన ఇంట్లో పెరిగిన నాకు, మొదటి ముద్రణలోని పెళ్లి వరసైన పిల్లతో జరిగే పెళ్లిగానే తోచి, ఏ అలజడీ కలగలేదు. రెండవ ముద్రణ చదివినప్పుడే, ఒకే ఇంట్లో అన్నాచెల్లెళ్లలా పెరిగినవారన్న ఆలోచన వచ్చి మనసు కాస్త ముడుచుకుంది. బహుశా ఇంగ్లీషు పాఠకులకు ఇది తిరగబడి ఉంటుంది. ఇలాంటి స్పందనలను సిగ్గుపడకుండా రాసుకోవాలి, మన ఇల్లు మన చేత ఎలా చదివిస్తోందో ఇవే చూపిస్తాయి.

వారం ఆగిన తర్వాత

నవల ముగించిన రోజున నోటుపుస్తకం తెరవకండి. కాగితాలన్నీ రబ్బరు బ్యాండు వేసి పక్కన పెట్టండి. వారం తర్వాత, వాటిని చూడకుండా, గుర్తున్నంతవరకు ఒకే పేజీ రాయండి. ఆ తర్వాతే కాగితాలు విప్పి పక్కపక్కన పెట్టి చదవండి. రెండూ సరిపోలితే పెద్దగా చెప్పుకోవలసింది ఉండదు. సరిపోలని చోట్లనే ఆగాలి. చదువుతున్నప్పుడు మూడు కాగితాల నిండా ఉన్న మహాయుద్ధం వారం తర్వాతి పేజీలో ఒక్క వాక్యంగా మిగలవచ్చు. ఒక్కసారి కూడా గుర్తు పెట్టని పాత్ర, వంటింట్లో రొట్టె కాల్చే ముసలామె, అర పేజీ ఆక్రమించవచ్చు. అప్పుడు ఆమె ఉన్న పేజీలకు తిరిగి వెళ్లి, రచయిత ఏ వాక్యంతో ఆమెను మనలో నాటారో వెతకండి. నా అనుభవంలో మంచి సమీక్ష ఎప్పుడూ ఈ వెతుకులాట నుంచే పుట్టింది.

సంపుటాలుగా సాగే నవలలకు ఈ వారం విరామం మరీ అవసరం. ఒక సంపుటం మూసి వెంటనే రెండవది తెరిస్తే మొదటి దాని ముగింపు మనలో స్థిరపడకముందే కొట్టుకుపోతుంది. 1947లో ఇదే మద్రాసులో మొదలైన చందమామలో జానపద ధారావాహికలు చదివిన తరానికి ఈ విరామం ఉచితంగా దక్కింది. గుహ ముందు రాక్షసుడు లేచి నిలబడ్డాక నెల రోజులు ఆగవలసి వచ్చేది; ఆ నెలలో తర్వాతి భాగాన్ని ప్రతి పిల్లవాడూ తన మనసులో రాసుకునేవాడు. మీరు కూడా తర్వాతి సంపుటం ఎలా సాగుతుందో మీ ఊహను రెండు వరుసల్లో రాసి, అప్పుడు తెరవండి.

నలుగురిలో చదివేటప్పుడు

మేము ఐదుగురం తెలుగు పాఠకులం, నెలకొకసారి పెరంబూరులో ఒకరి ఇంట్లో కలుస్తాం. మాట్లాడుకోవడానికి ముందు ఎవరి కాగితాలు వారు పైకి చదవాలన్నది మా ఏకైక నియమం. ఇది లేకపోతే, గట్టిగా మాట్లాడేవారి అభిప్రాయం పది నిమిషాల్లో అందరిదీ అయిపోతుంది.

మాలో పెద్దవారు పదవీ విరమణ చేసిన తెలుగు మాస్టారు. ఒక నెల మేము రొకేయా హుసేన్ రాసిన "సుల్తానాస్ డ్రీమ్" తీసుకున్నాం. నవల కాదు, చిన్న కథే గాని, 1905లో మద్రాసు నుంచి వెలువడే ది ఇండియన్ లేడీస్ మేగజైన్‌లో మొదట అచ్చయింది కనుక మా ఊరి కథగానే భావించి చదివాం. అందులో స్త్రీలు రాజ్యమేలుతారు, పురుషులు లోగిళ్లలో ఉంటారు. స్త్రీల విశ్వవిద్యాలయం ఒక బెలూన్‌కు గొట్టాలు అమర్చి మేఘాల నుంచి నేరుగా నీరు తీసుకుంటుంది. నా కాగితం మీద ఆ బెలూన్ తప్ప మరేమీ లేదు. మాస్టారు తన కాగితం తీసి, కాసేపు చూసి, పక్కన పెట్టారు.

"ఏం మాస్టారూ, చదవరా?" అని అడిగాను.

"చదవడానికి ఒక్క మాటే ఉందమ్మాయ్. 'కోపం' అని రాసుకున్నాను. మగవాళ్లను లోపల కూర్చోబెట్టిన చోట. కథ మీద కోపమనుకున్నాను. రాత్రి పడుకున్నాక మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆవిడ వీధి గుమ్మం దాటింది నేను చూడలేదు. నాకెప్పుడూ దాని మీద కోపం రాలేదు."

ఆ రోజు మేము ఇంకేమీ చర్చించలేదు. ఆయన అభిప్రాయంతో మొదలుపెట్టి ఉంటే, కథ ఏకపక్షంగా ఉందని చెప్పి ఉండేవారు, మేము కాదని వాదించి ఉండేవాళ్లం, టీ తాగి ఇళ్లకు వెళ్లి ఉండేవాళ్లం.

మళ్లీ చదివినప్పుడు

రెండవసారి చదివేటప్పుడు పాత కాగితాలు పుస్తకంలోంచి తీసి కవరులో వేయండి, కొత్తవి వాడండి. ముగించాక పేజీ సంఖ్యల వారీగా రెండు కట్టలనూ కలపండి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల వైపు సాగుతూ చెన్నైని ముంచెత్తినప్పుడు, వేళచ్చేరి వీధుల్లో నీళ్లు నిలిచి, కరెంటు లేక, మేడ మీద టార్చిలైటు వెలుగులో "డ్యూన్" మళ్లీ చదివాను. చుట్టూ అంత నీరున్నా తాగడానికి మాత్రం క్యాన్‌లో అడుగంటిన నీళ్లే ఉన్నాయి. కన్నీటి ఘట్టం ఉన్న పేజీకి నా రెండవ కాగితం మీద నీటి ప్రస్తావన లేదు. "జామిస్ భార్య హరా. పిల్లలిద్దరు. ఎవరు చూస్తారు?" అని ఉంది.

ఆ రెండు కాగితాలూ ఇప్పుడు ఒకే గుండుసూదితో నోటుపుస్తకంలో ఉన్నాయి. "డ్యూన్" పుస్తకాన్ని మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి అడిగితే ఇచ్చాను. ఇచ్చే ముందు లోపల ఏ కాగితమూ మిగలలేదని పేజీలు దులిపి చూసి, ఆ రోజు క్యాలెండర్ కాగితం ఒకటి మొదటి పేజీలో పెట్టి ఇచ్చాను. మీరు కూడా పుస్తకం అరువిచ్చేటప్పుడు మీ గుర్తులు తీసేసి, ఖాళీ కాగితం ఒకటి పెట్టి ఇవ్వండి.